వచ్చి వెళ్లిన పోటీ: ఇండియన్ ఓపెన్ స్నూకర్ చరిత్ర (2013–2019)

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:
• స్నూకర్ ఆట మన దేశంలో ఎలా పుట్టిందో వివరించగలరు.
• ప్రపంచ ప్రొఫెషనల్ స్నూకర్ ఛాంపియన్‌షిప్ ఎలా మొదలై, ఎందుకు ఆగి, ఎలా తిరిగి నిలబడిందో చెప్పగలరు.
• హైదరాబాద్, విశాఖపట్నం నగరాలకు వచ్చిన ఇండియన్ ఓపెన్ పోటీ చరిత్రను విశ్లేషించగలరు.
• ఒక క్రీడా పోటీ నిలబడటానికి అవసరమైన పరిస్థితులను గుర్తించగలరు.

7.1 పరిచయం

2016 జులై 5 నుంచి 9 వరకు హైదరాబాద్‌లోని హెచ్.ఐ.సి.సి. నోవోటెల్‌లో ప్రపంచ స్థాయి ప్రొఫెషనల్ స్నూకర్ ఆటగాళ్లు పోటీపడ్డారు. జనగామ నుంచి అక్కడికి చేరడానికి రెండు మూడు గంటల ప్రయాణం చాలు. అప్పటికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు ఇంకా ఏర్పడలేదు. ఆ సంవత్సరమే అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చాయి. అంటే ఆ పోటీ జరిగేనాటికి ఈ మూడు పట్టణాలూ వరంగల్ జిల్లాలోనే ఉన్నాయి.

నేను ఆ వార్తను పత్రికలో చదివాను. వెళ్లాలనుకున్నాను, కానీ వెళ్లలేదు. 'వచ్చే ఏడు మళ్లీ జరుగుతుంది కదా, అప్పుడు చూద్దాం' అనుకున్నాను. మరుసటి ఏడు ఆ పోటీ విశాఖపట్నానికి వెళ్లింది. ఆ తరువాత కొచ్చికి వెళ్లింది. ఈ పాఠం రాసే నాటికి మళ్లీ ఎక్కడా జరగలేదు.

పదవీ విరమణ తరువాత అధ్యయన కేంద్రాలలో ఆదివారం తరగతులు తీసుకుంటున్నప్పుడు ఈ విషయాన్నే ఒక ప్రశ్నగా విద్యార్థుల ముందు పెట్టాను: 'మన దాకా వచ్చిన పోటీ ఎందుకు నిలవలేదు?' మూడు ఊళ్లలో మూడు జవాబులు వచ్చాయి.

జనగామలో ఒక యువకుడు, "చూసెటోళ్లు ఎవరున్నరు సార్?" అన్నాడు.

మహబూబాబాద్‌లో ఒక విద్యార్థిని, "మనోళ్లు ఒక్కరన్న గెలిస్తే మళ్ల పెడుదురు సార్" అంది.

భూపాలపల్లిలో బొగ్గు గనిలో పనిచేస్తూ డిగ్రీ చదువుతున్న ఒకాయన, "పైసలు పెట్టెటాయన తప్పుకున్నడేమో" అన్నాడు.

చూసేవారు, ఆడేవారు, డబ్బు. మూడూ తీసివేయదగిన జవాబులు కావు. అయితే చరిత్ర విద్యార్థి ఒక జవాబు విన్న వెంటనే దానిని ఒప్పుకోకూడదు, ఆధారాలతో సరిచూడాలి. ఈ యూనిట్‌లో మనం చేసే పని అదే. భూపాలపల్లి తరగతిలో చివరి వరుస నుంచి నాలుగో జవాబు కూడా ఒకటి వచ్చింది. దానిని 7.8లో చూద్దాం.

7.2 ఆట గురించి కొన్ని మాటలు

మీలో చాలామంది క్యారమ్స్ ఆడి ఉంటారు. క్యారమ్ బోర్డు మీద స్ట్రైకర్‌తో కాయిన్లను కొట్టి మూలల్లో వేస్తాం. రెడ్ వేస్తే దాని వెంటనే మరో కాయిన్ వేయాలి, లేకపోతే రెడ్ తిరిగి బోర్డు మీదికి వస్తుంది. స్నూకర్‌కూ ఇలాంటి పోలికే ఉంది. ఇక్కడ బల్ల పొడవు సుమారు 12 అడుగులు, వెడల్పు 6 అడుగులు. పలకరాతి మీద ఆకుపచ్చ బట్ట పరిచి ఉంటుంది. బల్లకు ఆరు పాకెట్లు ఉంటాయి. 'క్యూ' అనే పొడవాటి కర్రతో తెల్ల బంతిని కొట్టి, దానితో రంగు బంతులను పాకెట్లలో వేయాలి.

బల్ల మీద 15 ఎర్ర బంతులు, 6 రంగు బంతులు ఉంటాయి. ఎర్ర బంతికి 1 పాయింటు. పసుపుకు 2, ఆకుపచ్చకు 3, గోధుమకు 4, నీలానికి 5, గులాబీకి 6, నలుపుకు 7. ఒక ఎర్ర బంతి వేశాక ఒక రంగు బంతి వేయాలి. ఎర్ర బంతులు బల్ల మీద ఉన్నంత వరకు రంగు బంతిని తిరిగి దాని చోట పెడతారు. ఎర్రవి అన్నీ అయిపోయాక రంగు బంతులను తక్కువ విలువ నుంచి ఎక్కువ విలువ వరకు వరుసగా వేయాలి.

ఒకసారి లెక్క వేయండి. ప్రతి ఎర్ర బంతి తరువాత నలుపునే వేస్తే 15 సార్లు 8 పాయింట్లు, అంటే 120. చివర ఆరు రంగు బంతులకు 27. మొత్తం 147. ఫౌల్ పాయింట్లను మినహాయిస్తే, తప్పు చేయకుండా ఒక్క విడతలో సాధించగలిగేది ఇదే. ఇలా ఒకే విడతలో చేసిన పాయింట్లను 'బ్రేక్' అంటారు. బల్ల మీది బంతులన్నీ పూర్తయ్యే వరకు లేదా ఒకరు ఓటమి ఒప్పుకునే వరకు సాగే ఆటను 'ఫ్రేమ్' అంటారు. మ్యాచ్‌లో ఎక్కువ ఫ్రేములు గెలిచినవారు విజేత.

7.3 మన నేల మీద పుట్టిన ఆట

స్నూకర్ ఇంగ్లండ్‌లో పుట్టిందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది పుట్టింది 1875లో మన జబల్‌పూర్‌లో. వానాకాలంలో బయటికి వెళ్లే వీలులేక డెవన్‌షైర్ రెజిమెంట్ అధికారులు మెస్‌లోని బిలియర్డ్స్ బల్ల మీద కాలక్షేపం చేసేవారు. వారిలో నెవిల్ ఛాంబర్లేన్ అనే యువ అధికారి అప్పటికి వాడుకలో ఉన్న రెండు ఆటలను కలిపి, మరికొన్ని రంగు బంతులను చేర్చాడు. తరువాతి కాలంలో బ్రిటిష్ ప్రధాని అయిన నెవిల్ ఛాంబర్లేన్ వేరు, ఈయన వేరు. ఈ తేడాను పరీక్షలో తప్పు రాయకండి.

ఆ రోజుల్లో సైనిక శిక్షణ సంస్థలో కొత్తగా చేరిన కుర్రవాడిని 'స్నూకర్' అని పిలిచేవారు. ఒక తేలికైన బంతిని వేయలేకపోయిన ఆటగాడిని ఛాంబర్లేన్ ఆ మాటతో ఎగతాళి చేశాడు. ఆ వెంటనే ఈ ఆటకు మనమందరమూ స్నూకర్లమే అని సర్దిచెప్పాడు. ఆ పేరే ఆటకు స్థిరపడింది. ఈ వృత్తాంతాన్ని ఆయనే 1938లో ఒక పత్రికకు రాసిన లేఖలో వివరించాడు.

ఆట నియమాలు మన దేశంలోనే రూపుదిద్దుకున్నాయి. 1882లో ఊటీ క్లబ్బులోని బిలియర్డ్స్ గదిలో నియమాలు రాసి పెట్టారు. ఊటీ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. విశాఖపట్నం కూడా అదే ప్రెసిడెన్సీలోనిది. 2017లో స్నూకర్ విశాఖపట్నానికి వచ్చినప్పుడు, 135 ఏళ్ల కిందట తన నియమాలు రూపొందిన పాత ప్రెసిడెన్సీకే తిరిగి వచ్చిందని చెప్పవచ్చు.

ఆట ఇక్కడ పుట్టినా ఆడినవారు ఎవరు? సైనిక మెస్సులు, దొరల క్లబ్బులు, సంస్థానాధీశుల భవనాలు. క్లబ్బు గేటు లోపలే బల్ల ఉండేది. ఊరి వారికి అందులో ప్రవేశం లేదు. పుట్టిన చోట అందరి ఆటగా ఎదగకపోవడానికి ఇది మొదటి కారణం. దీనిని గుర్తుంచుకోండి, చివర మళ్లీ ప్రస్తావనకు వస్తుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
1. స్నూకర్ ఎక్కడ, ఏ సంవత్సరంలో పుట్టింది?
2. 147 అనే సంఖ్య ఎలా వచ్చింది?

7.4 ప్రపంచ ఛాంపియన్‌షిప్: మొదలు, విరామం, పునరుద్ధరణ

ఇండియన్ ఓపెన్ కథను అర్థం చేసుకోవాలంటే దానికంటే పెద్దదైన ప్రపంచ ప్రొఫెషనల్ ఛాంపియన్‌షిప్ కథను ముందు చూడాలి. ఎందుకంటే అది కూడా ఒకప్పుడు ఆగిపోయిన పోటీయే.

1924లో టామ్ డెనిస్ అనే ఆటగాడు స్నూకర్‌లో ఒక ఛాంపియన్‌షిప్ పెట్టమని ఇంగ్లండ్‌లోని బిలియర్డ్స్ సంఘాన్ని కోరాడు. ఈ ఆటను జనం కూర్చుని చూస్తారా అని సంఘం కార్యదర్శి సందేహం వెలిబుచ్చాడు. జనగామ విద్యార్థి అన్న మాటనే వందేళ్ల కిందట ఆయనా అన్నాడు.

అయినా జో డేవిస్ అనే ఆటగాడి పట్టుదలతో మొదటి ఛాంపియన్‌షిప్ 1927లో పూర్తయింది. బర్మింగ్‌హామ్‌లో జరిగిన ఫైనల్లో డేవిస్ అదే టామ్ డెనిస్‌ను ఓడించాడు. విజేతకు దక్కిన సొమ్ము ఆరున్నర పౌండ్లు మాత్రమే. ఆటగాళ్ల ప్రవేశ రుసుములో ఒక భాగంతో వెండి కప్పు కొన్నారు. ఈనాటికీ ప్రపంచ విజేతకు ఇచ్చేది ఆ కప్పే.

1931లో పోటీకి పేర్లు ఇచ్చినవారు ఇద్దరే, డేవిస్ మరియు డెనిస్. అయినా పోటీని రద్దు చేయలేదు. ఇద్దరే ఆడారు, డేవిస్ గెలిచాడు. ఆ మరుసటి ఏడు పోటీ మళ్లీ జరిగింది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో 1941 నుంచి 1945 వరకు విరామం వచ్చింది. 1946లో డేవిస్ తన 15వ టైటిల్ గెలిచి, ఈ ఛాంపియన్‌షిప్‌లో ఒక్కసారి కూడా ఓడకుండానే దాని నుంచి తప్పుకున్నాడు.

1952లో మరో సమస్య వచ్చింది. ప్రొఫెషనల్ ఆటగాళ్లకు, సంఘానికి మధ్య విభేదాలు తలెత్తాయి. చాలామంది ఆటగాళ్లు బయటికి వెళ్లి సొంతంగా మరో పోటీ పెట్టుకున్నారు. సంఘం పోటీలో మిగిలింది మళ్లీ ఇద్దరే. ఆటగాళ్లు పెట్టుకున్న పోటీ కూడా 1957తో ఆగిపోయింది. 1957 నుంచి 1964 వరకు ప్రపంచ ఛాంపియన్‌షిప్ అనేదే జరగలేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. 1931లోనూ ఇద్దరే ఆడారు, 1952లోనూ ఇద్దరే. మొదటిసారి పోటీ బతికింది, రెండోసారి అది క్షీణదశకు ఆరంభమైంది. సంఖ్య ఒకటే అయినా ఫలితం ఎందుకు మారింది? 1931లో ఆటగాళ్లు తక్కువైనా, 'ఈ పోటీ ప్రతి ఏడూ జరగాలి' అని పట్టుబట్టినవారు ఉన్నారు. 1952లో ఆటగాళ్లు ఉన్నారు కాని, పోటీ ఎవరిదన్న విషయంలో ఒప్పందం లేకుండా పోయింది.

1964లో రెక్స్ విలియమ్స్ చొరవతో సంఘం తిరిగి అంగీకరించింది. 1969 నుంచి అందరూ పాల్గొనే నాకౌట్ పద్ధతి వచ్చింది. అదే ఏడు బి.బి.సి. రంగుల టెలివిజన్ కోసం స్నూకర్ కార్యక్రమం ఒకటి మొదలుపెట్టింది. బంతులకు రంగులుండటం ఆ రోజుల్లో పెద్ద ఆకర్షణ అయింది. 1976 నుంచి ఒక సిగరెట్ కంపెనీ స్పాన్సర్‌గా నిలిచి 2005 వరకు కొనసాగింది. 1977లో పోటీ షెఫీల్డ్ నగరంలోని క్రూసిబుల్ థియేటర్‌కు వచ్చింది. అది సుమారు వెయ్యి మంది మాత్రమే పట్టే నాటకశాల. అప్పటి నుంచి పోటీ అక్కడే జరుగుతోంది.

1985 ఫైనల్లో డెనిస్ టేలర్, స్టీవ్ డేవిస్ చెరి 17 ఫ్రేములు గెలిచి, చివరి ఫ్రేములో చివరి నల్ల బంతి దాకా వచ్చారు. టేలర్ గెలిచాడు. అర్ధరాత్రి దాటాక కూడా బ్రిటన్‌లో కోటీ 85 లక్షల మంది టీవీలో ఆ ఆట చూశారు. జనం చూస్తారా అని 1924లో వచ్చిన సందేహానికి అరవై ఏళ్ల తరువాత అందిన జవాబు అది.

7.5 అమెచ్యూర్, ప్రొఫెషనల్ అంటే ఏమిటి?

ఈ రెండు మాటలకు తేడా తెలియకపోతే భారత స్నూకర్ చరిత్ర గందరగోళంగా కనిపిస్తుంది. ఆటనే జీవనాధారంగా చేసుకుని, ప్రొఫెషనల్ సంస్థ ఇచ్చే 'టూర్ కార్డు'తో ఏడాది పొడవునా పోటీలు ఆడుతూ, బహుమతి సొమ్ముతో బతికేవారు ప్రొఫెషనల్స్. జాతీయ సమాఖ్యల ద్వారా దేశం తరఫున ఆడేవారు అమెచ్యూర్లు. అమెచ్యూర్ అంటే తక్కువ ఆటగాడు అని కాదు.

అమెచ్యూర్ రంగంలో మనం వెనుకబడి లేము. 1958లో కలకత్తాలో విల్సన్ జోన్స్ ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ టైటిల్ గెలిచాడు. మొదటి ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ ఛాంపియన్‌షిప్ 1963లో కలకత్తాలోనే జరిగింది. 1984లో ఓం అగర్వాల్ డబ్లిన్‌లో ఆ టైటిల్ గెలిచాడు. 2003లో పంకజ్ అద్వానీ చైనాలో గెలిచాడు. బిలియర్డ్స్, స్నూకర్ కలిపి అద్వానీ గెలిచిన ప్రపంచ టైటిళ్లు పాతికకు పైనే.

ప్రొఫెషనల్ రంగం సంగతి వేరు. అక్కడి పోటీల కేంద్రం బ్రిటన్. ఆటగాడు నెలల తరబడి అక్కడ ఉండాలి. గదికి అద్దె, శిక్షణ బల్లకు అద్దె, ప్రయాణం ఖర్చులన్నీ తనవే. మొదటి రౌండ్లలో ఓడితే ఖర్చు కూడా తిరిగి రాకపోవచ్చు. 2012లో అద్వానీ ఆ రంగంలోకి వెళ్లాడు. 2013లో వెల్ష్ ఓపెన్ క్వార్టర్ ఫైనల్ చేరి, ర్యాంకింగ్ పోటీలో ఆ దశకు వెళ్లిన తొలి భారతీయుడయ్యాడు. 2014లో ఆ టూర్‌ను వదిలి తిరిగి వచ్చాడు. స్వదేశంలో ఆయనకు ఓ.ఎన్.జి.సి. ఉద్యోగం ఉంది, గెలవడానికి అమెచ్యూర్ ప్రపంచ టైటిళ్లూ ఉన్నాయి.

7.6 ఇండియన్ ఓపెన్: ఐదు పోటీలు

2010లో ప్రొఫెషనల్ స్నూకర్ వాణిజ్య నిర్వహణ బారీ హెర్న్ చేతికి వచ్చింది. అంతకుముందు 2009–10 సీజన్‌లో ర్యాంకింగ్ పోటీలు ఆరే. ఆయన వాటి సంఖ్యను పెంచి, కొత్త దేశాలకు తీసుకువెళ్లాడు. 'ర్యాంకింగ్ పోటీ' అంటే అందులో సాధించినది ఆటగాడి ప్రపంచ ర్యాంకుకు లెక్కకు వచ్చే పోటీ. అలా మన దేశానికి వచ్చిన ర్యాంకింగ్ పోటీయే ఇండియన్ ఓపెన్. విజేతకు 50,000 పౌండ్లు ఇచ్చేవారు. ఐదు పోటీల వివరాలు ఇవి:

1. 2013 అక్టోబర్, న్యూఢిల్లీ: విజేత డింగ్ జున్‌హుయ్ (చైనా), రన్నరప్ ఆదిత్య మెహతా (భారత్), 5–0.
2. 2015 మార్చి, ముంబై: విజేత మైఖేల్ వైట్ (వేల్స్), రన్నరప్ రికీ వాల్డెన్ (ఇంగ్లండ్), 5–0.
3. 2016 జులై, హైదరాబాద్: విజేత ఆంథోనీ మెక్‌గిల్ (స్కాట్లండ్), రన్నరప్ కైరెన్ విల్సన్ (ఇంగ్లండ్), 5–2.
4. 2017 సెప్టెంబర్, విశాఖపట్నం: విజేత జాన్ హిగిన్స్ (స్కాట్లండ్), రన్నరప్ ఆంథోనీ మెక్‌గిల్ (స్కాట్లండ్), 5–1.
5. 2019 ఫిబ్రవరి–మార్చి, కొచ్చి: విజేత మాథ్యూ సెల్ట్ (ఇంగ్లండ్), రన్నరప్ ల్యూ హావోతియాన్ (చైనా), 5–3.

మొదటి పోటీలోనే ఆదిత్య మెహతా ఫైనల్ చేరాడు. ప్రొఫెషనల్ ర్యాంకింగ్ పోటీ ఫైనల్ ఆడిన తొలి భారతీయుడు ఆయనే. ఎదురుగా ఉన్న డింగ్ ఆ రోజుల్లో మంచి ఊపులో ఉన్నాడు. ఆ సీజన్‌లో వరసగా మూడు ర్యాంకింగ్ టైటిళ్లు గెలిచాడు, వాటిలో ఢిల్లీది రెండోది. మెహతాకు ఒక్క ఫ్రేము కూడా దక్కలేదు. అయినా ఫైనల్ బల్ల దగ్గర ఒక భారతీయుడు నిలబడటం చిన్న విషయం కాదు.

హైదరాబాద్‌లో గెలిచిన మెక్‌గిల్‌కు అది తొలి ర్యాంకింగ్ టైటిల్. మరుసటి ఏడు విశాఖపట్నంలోనూ ఆయన ఫైనల్ చేరాడు, కాని హిగిన్స్ చేతిలో ఓడాడు. హిగిన్స్‌కు అది 29వ ర్యాంకింగ్ టైటిల్. ముంబైలో వైట్‌కూ, కొచ్చిలో సెల్ట్‌కూ కూడా అదే తొలి ర్యాంకింగ్ టైటిల్. అంటే ఐదుగురు విజేతలలో ముగ్గురి జీవితంలో తొలి మలుపు మన దేశంలో వచ్చింది. మన గడ్డ మీద ఈ పోటీకి ఉన్న విలువను ఇది చెబుతుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
1. అమెచ్యూర్, ప్రొఫెషనల్ ఆటగాళ్ల మధ్య తేడా ఏమిటి?
2. పై ఐదు పోటీలలో ఊరు, నెల అనే అంశాలను మాత్రమే విడిగా రాసుకుని చూడండి. మీకు ఏమి కనిపిస్తోంది? (ఈ ప్రశ్నకు జవాబు రాసుకున్న తరువాతే ముందుకు చదవండి.)

7.7 మూడు జవాబుల పరీక్ష

(అ) చూసేవారు లేకపోవడం: ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదలైనప్పుడు చూసేవారు ఉంటారన్న నమ్మకం దాని సంఘానికే లేదు. జనం తరువాత తయారయ్యారు. ఏటా జరుగుతూ, టీవీలో కనబడుతూ ఉంటే చూపరులు పెరుగుతారు. కాబట్టి చూపరులు పోటీకి కారణం ఎంతో, పోటీకి ఫలితం కూడా అంతే. ఐదు రోజులు జరిగి, మళ్లీ ఆ ఊరికి రాని పోటీకి చూపరులు అలవాటు పడే అవకాశం ఎక్కడిది?

(ఆ) మనవారు గెలవకపోవడం: ఈ జవాబులో బలం ఉంది. చైనాను చూడండి. 2005లో 18 ఏళ్ల డింగ్ జున్‌హుయ్ బీజింగ్‌లో చైనా ఓపెన్ ఫైనల్లో, ఏడుసార్లు ప్రపంచ విజేత అయిన స్టీఫెన్ హెండ్రీని 9–5తో ఓడించాడు. ఆ గెలుపు తరువాత అక్కడ ఈ ఆటకు పెద్ద ఊపు వచ్చింది. ఇరవై ఏళ్లకు, 2025లో, జావో షిన్‌టాంగ్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ టైటిల్ గెలిచిన తొలి ఆసియా ఆటగాడు ఆయనే. మన పట్టికలో కూడా మొదటి ఫైనల్లో ఒక చైనా ఆటగాడు, చివరి ఫైనల్లో మరో చైనా ఆటగాడు ఉన్నారు. భారతీయుడు మాత్రం మొదటి ఫైనల్లో కనిపించి, తరువాతి నాలుగింటిలో కనిపించలేదు.

అయితే ఒక్క గెలుపే సరిపోతుందా? ఒక గెలుపు చూసి ఉత్సాహపడిన పిల్లవాడికి తన ఊరిలో బల్ల ఉండాలి, నేర్పేవారు ఉండాలి, జిల్లా పోటీ ఉండాలి, దానిపైన రాష్ట్ర పోటీ ఉండాలి. ఈ మెట్లు లేకపోతే గెలుపు ఒక వార్తగా మిగులుతుంది. ఇండియన్ ఓపెన్‌కు అర్హత పోటీలు కూడా ఇంగ్లండ్‌లోనే జరిగేవి. మన పోటీకి ఎక్కే మెట్లు కూడా అక్కడే ఉన్నాయన్నమాట.

(ఇ) డబ్బు లేకపోవడం: 1927 విజేతకు ఆరున్నర పౌండ్లు, హైదరాబాద్ విజేతకు 50,000 పౌండ్లు. మొదటిది వందేళ్లకు చేరువవుతోంది, రెండోది ఆరేళ్ల లోపే ఆగింది. కాబట్టి బహుమతి పెద్దదైతే పోటీ నిలుస్తుందనే సూత్రం ఇక్కడ పనిచేయదు. అలాగని డబ్బు అక్కరలేదని కాదు. సిగరెట్ కంపెనీ దాదాపు 30 ఏళ్లు ఒకే పోటీ వెంట ఉండటం ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు ఎంతో మేలు చేసింది. ఇక్కడ చూడవలసింది డబ్బు మొత్తాన్ని కాదు, అది ఎంతకాలం నిలిచి ఉంటుందన్న దానిని.

7.8 నాలుగో జవాబు

భూపాలపల్లి తరగతిలో ఈ ఐదు పోటీల పట్టికను బోర్డు మీద రాశాను. చివరి వరుసలో కూర్చున్న ఒకావిడ, ఇల్లు, పొలం చూసుకుంటూ నలభై ఏళ్లు దాటాక డిగ్రీలో చేరిన విద్యార్థిని, కాసేపు దానిని చూసి ఇలా అంది: "సార్, అంగడి ఒకసారి ఈడ, ఇంకోసారి ఆడ పెడితె ఎవరు వస్తరు? మా అంగడి ఏ వారమో, ఏ జాగలనో చిన్న పిల్లను అడిగినా చెప్తది."

నేను ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పాను. ఒక పట్టికను ఇంత తేలికగా చదివిన విద్యార్థులు నాకు ఎక్కువమంది తారసపడలేదు.

ఇప్పుడు మీరు రాసుకున్న జవాబును చూడండి. ఐదు పోటీలు, ఐదు ఊళ్లు. అక్టోబర్, మార్చి, జులై, సెప్టెంబర్, మళ్లీ ఫిబ్రవరి–మార్చి. 2014లో లేదు, 2018లో లేదు. ఏ ఊరికీ రెండోసారి రాలేదు. మరోవైపు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ను చూస్తే, 1977 నుంచి ఒకే నగరం, ఒకే నాటకశాల, సాధారణంగా ఏప్రిల్–మే నెలలు. షెఫీల్డ్ వాసులకు అది ఏటా వచ్చే జాతర వంటిది. హోటళ్లవారు, బడిపిల్లలు, టీవీవారు, స్పాన్సర్లు అందరూ ముందే సిద్ధంగా ఉంటారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఊరు మారడం రోగమా, రోగ లక్షణమా? నా అభిప్రాయంలో అది లక్షణం. ప్రతిసారీ కొత్త ఊరు, కొత్త తేదీ అంటే, ప్రతిసారీ ఏర్పాట్లు మొదటి నుంచి మొదలుపెట్టాలని అర్థం. 'ఇది మాది, వచ్చే ఏడు కూడా మేమే జరుపుతాం' అనే స్థానిక సంస్థ దానికి వేరు పట్టలేదు. 1931లో ఇద్దరే ఆటగాళ్లున్న పోటీని కాపాడినది అలాంటి పట్టుదలే.

మరొక విషయం కూడా గమనించాలి. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు చైనాలో జరిగే ప్రొఫెషనల్ పోటీలు కూడా ఆగిపోయాయి. బీజింగ్‌లో ఏటా వసంత కాలంలో జరుగుతూ వచ్చిన చైనా ఓపెన్ కూడా వాటిలో ఉంది. స్థిరమైన ఊరు, స్థిరమైన నెల ఉన్నా అది తిరిగి మొదలు కాలేదు. కాని 2023లో చైనాలోని ఇతర పెద్ద పోటీలు తిరిగి వచ్చాయి. ఒక అంగడి మూతపడినా ఆ చుట్టుపక్కల పంట ఉంటే మరో అంగడి లేస్తుంది. అక్కడ క్లబ్బులు, శిక్షణ కేంద్రాలు, వందలాది యువ ఆటగాళ్లు అనే పంట ఉంది. మన దగ్గర ఆట పుట్టుక నుంచి క్లబ్బు గేటు లోపలే ఎక్కువగా ఉండిపోయింది. 7.3లో గుర్తుంచుకోమన్న విషయం ఇదే.

కాబట్టి ఒక పోటీ నిలవాలంటే మూడు కావాలి: దానిని తనదిగా భావించే స్థిరమైన నిర్వాహకులు, ఎక్కువ కాలం నిలిచే ఆర్థిక ఆధారం, కింది నుంచి పైకి ఎక్కే ఆటగాళ్ల మెట్లు. చూపరులు ఈ మూడింటితో పాటు పెరుగుతారు. విద్యార్థులు చెప్పిన నాలుగు జవాబులలో ఏదీ తప్పు కాదు. కాని విడివిడిగా ఏదీ చాలదు.

ఈ పాఠం స్నూకర్‌కు మాత్రమే పరిమితం కాదు. మీ మండలంలో ఒకప్పుడు జరిగి ఆగిపోయిన కబడ్డీ పోటీ, వాలీబాల్ టోర్నమెంట్ ఏదైనా ఉందా? 'జనం రాలేదు', 'పైసలు లేవు' అన్న మాటలతో ఆగిపోకుండా, అది ఏ ఏడాది మొదలైంది, ఎవరు జరిపారు, ఏ నెలలో, ఏ స్థలంలో జరిగింది, ఎందుకు మారింది అని రాసుకుని చూడండి. ఆ పట్టిక మీకు చాలా చెబుతుంది. ఆగినది తిరిగి మొదలు కాకూడదని ఏమీ లేదు. ప్రపంచ ఛాంపియన్‌షిప్ కూడా ఏడేళ్లు ఆగి మళ్లీ లేచింది. 1964లో ఒక్క ఆటగాడు చొరవ తీసుకున్నాడు, అంతే.

7.9 సారాంశం

స్నూకర్ 1875లో జబల్‌పూర్‌లో పుట్టింది. 1882 నాటికి ఊటీలో నియమాలు ఏర్పడ్డాయి. ప్రపంచ ప్రొఫెషనల్ ఛాంపియన్‌షిప్ 1927లో మొదలై, 1957–64 మధ్య ఆగి, 1969 తరువాత టెలివిజన్, స్పాన్సర్, స్థిరమైన వేదికలతో బలపడింది. ఇండియన్ ఓపెన్ 2013–2019 మధ్య ఐదు నగరాలలో ఐదుసార్లు జరిగింది; 2016లో హైదరాబాద్, 2017లో విశాఖపట్నం వేదికలయ్యాయి. బహుమతి పెద్దదే అయినా స్థిరమైన స్థలం, కాలం, స్థానిక నిర్వాహకులు, ఆటగాళ్ల మెట్లు లేకపోవడంతో అది వేరు పట్టలేదు.

7.10 పదకోశం

క్యూ: తెల్ల బంతిని కొట్టే కర్ర.
ఫ్రేమ్: స్నూకర్ మ్యాచ్‌లో ఒక ఆట.
బ్రేక్: ఒకే విడతలో వరుసగా సాధించిన పాయింట్లు.
ర్యాంకింగ్ పోటీ: ప్రపంచ ర్యాంకుల నిర్ణయానికి లెక్కలోకి వచ్చే పోటీ.
టూర్ కార్డు: ప్రొఫెషనల్ పోటీలు ఆడటానికి ఇచ్చే అర్హత.

7.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో జవాబులు రాయండి.
1. ప్రపంచ ప్రొఫెషనల్ స్నూకర్ ఛాంపియన్‌షిప్ ఎదుగుదలలో ప్రధాన దశలను వివరించండి.
2. ఇండియన్ ఓపెన్ స్నూకర్ పోటీ నిలవకపోవడానికి కారణాలను విశ్లేషించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో జవాబులు రాయండి.
1. 1931, 1952 ప్రపంచ పోటీలను పోల్చండి.
2. అమెచ్యూర్ స్నూకర్‌లో భారతీయుల విజయాలను తెలపండి.
3. మీ ప్రాంతంలో ఆగిపోయిన ఒక క్రీడా పోటీని తీసుకుని, 7.8లోని మూడు అవసరాల ఆధారంగా పరిశీలించండి.